పెయింట్ బకెట్లు, బియ్యం సంచులు, పాత డబ్బాల్లో కూరగాయలు – అద్దె ఇంటి డాబా మీద కుదురుతుందా?

కొత్తమొక్క (విజయవాడ, సత్యనారాయణపురం) – జూన్ 12, 2025, రాత్రి 9:40

నమస్తే అండీ అందరికీ. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది అద్దె ఇల్లు, రెండో అంతస్తు, పైన డాబా ఖాళీ. వేసవిలో ఇంటికి రంగులు వేసినప్పుడు పెయింటర్లు వదిలేసిపోయిన 20 లీటర్ల బకెట్లు తొమ్మిది మూలన పడున్నాయి. ఇవి కాక 15 కిలోల నూనె డబ్బాలు నాలుగు, పాత కూలర్ తాలూకు ప్లాస్టిక్ టబ్బు, మూత పగిలిన 60 లీటర్ల నీళ్ల డ్రమ్ము ఉన్నాయి. బియ్యం సంచులకైతే లెక్కే లేదు. పాత సామాన్లవాడికి వేస్తే వంద కూడా రాదు. వీటిల్లోనే ఏదో ఒకటి పండించాలని నా పంతం. కుండీ ఒక్కటి కూడా కొనను.

రెండు చిక్కులు. ఒకటి ఓనరు గారు. "పెట్టుకోమ్మా, స్లాబులో చెమ్మ దిగితే మాత్రం అడ్వాన్సులో కోసుకుంటా" అని నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు నాకు తెలుసు. రెండోది మా అత్తయ్యగారు. రంగు డబ్బాలో కాసిన వంకాయ నేను ముట్టను పొమ్మంటున్నారు. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉందా? మృగశిర కార్తె వచ్చేసింది, ఎండలు తగ్గేలోపు విత్తనం పడాలి. తెలిసినవాళ్లు చెప్పరూ.

మిద్దెతోట_పటమట (విజయవాడ) – జూన్ 12, రాత్రి 10:15

స్వాగతం అండీ. ముందు మీ అత్తయ్యగారి సంగతి. ఆవిడ అనుమానంలో సగం న్యాయం ఉంది.

ఆ బకెట్లలో వచ్చింది గోడలకు వేసే ఎమల్షనా, తలుపులకు వేసే ఎనామెలా? 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ అంటే దాదాపు ఎమల్షనే అయి ఉంటుంది. అది నీళ్లు కలిపి వేసే రంగు. బకెట్‌ని రెండు మూడు రోజులు మంచి ఎండలో బోర్లించకుండా పెట్టండి. లోపల అంటుకున్న రంగు పూర్తిగా ఎండి అంచు దగ్గర లేస్తుంది. అక్కడ గోటితో పట్టి లాగితే పాము కుబుసంలా ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. ఆ పొర చెత్తలో వేయాలి, మట్టిలో కలపకూడదు. తర్వాత సబ్బునీళ్లు పెట్టి పీచుతో తోమండి. టర్పెంటైన్ కలిపే ఎనామెల్, చెక్క పాలిష్, మెటల్ ప్రైమర్ డబ్బాలైతే తినేవాటికి వద్దు. చామంతులో బంతులో వేసుకోండి.

బకెట్ అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 2, 4, 5 ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 3 ఉంటే పీవీసీ, దాని జోలికి నేను పోను.

గోంగూర_బామ్మ (గుంటూరు, బ్రాడీపేట) – జూన్ 13, ఉదయం 5:50

ఏందమ్మాయ్, తొమ్మిది బకెట్లు పెట్టుకుని భయపడతన్నావా. మా రోజుల్లో కాగు అడుగు కారితే పారేసేవాళ్లం కాదు, అందులో తులసి పెట్టేవాళ్లం. మట్టికుండ నెర్రె ఇచ్చిందా, పుదీనాకి పోయేది. అప్పట్లో దానికి పేర్లేం పెట్టలేదులే.

బియ్యం సంచుల సంగతి నేను చెబుతా విను. 25 కిలోల సంచి తీసుకో. మూతి సగం దాకా బయటికి మడిచెయ్, ప్యాంటు మడిచినట్టు కాదు, గట్టిగా రెండు మడతలు. అప్పుడు నిలబడుద్ది. అడుగు రెండు మూలలూ లోపలికి తోసెయ్, లేకపోతే కుదురుగా కూర్చోదు. సగానికి కొంచెం పైన దాకా మట్టి. దాంట్లో గోంగూర విత్తనం చల్లి పైన పల్చగా పొడి ఎరువు జల్లు. మొలిచాక ఒత్తుగా ఉన్నవి పీకి పప్పులో వేసెయ్. నెల తిరిగేసరికి చిగుళ్లు తుంచుకోవచ్చు. వేళ్లతో పీకబాకు, తుంచితే మళ్లీ కొమ్మలేసుద్ది. ఎర్ర కాడది పులుపెక్కువ, పచ్చడికి అదే. తెల్లది పప్పుకి.

ఒకటే లోపం, ఆ సంచులు ఎండకి ఏడాది తిరిగేలోపే పొడిపొడిగా రాలిపోతాయి. ఆ పీచులు మట్టిలో పడకముందే మార్చెయ్యాలి.

స్లాబ్_సార్ (విజయవాడ, లబ్బీపేట) – జూన్ 13, ఉదయం 8:05

ఓనరు అడిగింది ముందు చూద్దాం. నేను కట్టుబడి పనివాణ్ని, మొక్కల గురించి మాట్లాడను.

మన దగ్గర మనుషులు ఎక్కి తిరిగే డాబాకి లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. కట్టడాల మీద పడే బరువులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875, దాని రెండో భాగంలో ఉన్న లెక్క ఇది. ఇప్పుడు మీ పెయింట్ బకెట్ చూడండి. ముప్పావు పైగా మట్టి నింపి, నీళ్లు పోసి తడిస్తే ఒక్కోటి 30 కిలోలు తూగుతుంది. అడ్డంగా అడుగు వెడల్పు. పక్కపక్కనే పేరిస్తే చదరపు మీటరులో తొమ్మిది పడతాయి. మీ దగ్గరున్నవి సరిగ్గా తొమ్మిదే! అంటే 270 కిలోలు ఒక్కచోట. డాబా నడిమధ్యలో ఆ పని చేయొద్దు. చదరపు మీటరుకు నాలుగు చొప్పున చెదరగొట్టి, పిట్టగోడ వెంబడి, కింద దూలం నడిచే వరసలో పెట్టండి. 60 లీటర్ల డ్రమ్ము తడిస్తే వంద కిలోలు. దాన్ని కింద పిల్లర్ వచ్చే మూలలోనే కూర్చోబెట్టాలి.

మీ పేటలో పాత ఇళ్లు చాలా ఉన్నాయి. పైన ఆర్‌సీసీ స్లాబు కాకుండా టేకు దూలాల మీద ఇటుక, సున్నం వేసిన మద్రాస్ డాబా అయితే బరువు మాట మర్చిపోండి. కింద గదిలో పైకి చూస్తే దూలాలు కనిపిస్తాయి.

చెమ్మ మాట. నీళ్లు కారడం వల్ల స్లాబు పాడవదు, కారిన నీళ్లు అక్కడే నిలవడం వల్ల పాడవుతుంది. ప్రతి బకెట్ కిందా రెండు ఇటుకలు పెట్టి నేలకి నాలుగంగుళాలు ఎత్తి ఉంచండి. కింద గాలి ఆడాలి, చీపురు దూరాలి. రాలిన ఆకులు నీళ్లు పోయే గొట్టం మూతికి అడ్డం పడకుండా జల్లెడ ముక్క బిగించండి. ఓనరు గారికి ఈ ఇటుకలు చూపించండి, సగం కోపం అక్కడే పోతుంది.

కొత్తమొక్క – జూన్ 13, మధ్యాహ్నం 1:30

స్లాబ్ సార్‌కి దండాలు. మాది ఆర్‌సీసీయే, కింద గదిలోంచి చూశాను. ఇటుకలు అన్నయ్య వాళ్ల సైటు నుంచి తెప్పిస్తున్నా. మరి బరువు తగ్గాలంటే మట్టి తగ్గించాలి కదా, దాని బదులు ఏం వేయాలి? ఇక్కడ పునాదులు తవ్విన మట్టి ట్రాక్టరు లెక్కన వస్తోంది, నల్లగా జిగురుగా ఉంది.

మిద్దెతోట_పటమట – జూన్ 13, సాయంత్రం 6:20

ఆ నల్లరేగడి వద్దే వద్దు. కృష్ణ ఒడ్డున పత్తికి, మిరపకి అది బంగారం. డబ్బాలో మాత్రం తడిస్తే బంక, ఎండితే రాయి. నెర్రెలిచ్చి వేళ్లు తెంపేస్తుంది.

నేను వాడేది చెబుతా. ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు. దీనికి బకెట్‌కి రెండు గుప్పెళ్లు వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకలా నొక్కి 5 కిలోల దిమ్మలుగా అమ్ముతారు. నీళ్లలో వేస్తే ఉబ్బి 70 లీటర్ల దాకా అవుతుంది. కొన్నది కొన్నట్టు వాడొద్దు, అందులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి పిండి, ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. నీళ్లు తేటగా వచ్చేదాకా. ఇదంతా వేస్తే బకెట్ 20 కిలోల చుట్టూ ఆగుతుంది.

ఎరువు సంగతి జాగ్రత్త. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. చేతిలో నలిపితే పొడిగా రాలాలి, వాసన రాకూడదు.

డబ్బాల_షాపు (విజయవాడ, వన్‌టౌన్) – జూన్ 13, రాత్రి 9:00

పాత డ్రమ్ములు, డబ్బాలు నా వ్యాపారం కాబట్టి ఒక మాట. 200 లీటర్ల నీలం డ్రమ్ము కోసం మొక్కలవాళ్లు ఈ మధ్య చాలామంది వస్తున్నారు. నిలువునా కోస్తే రెండు తొట్లు అవుతాయి, తీగపాదులకు బాగుంటాయి. కానీ రేటు అడిగే ముందు ఇందులో ఏం వచ్చింది అని అడగండి. పళ్లరసం గుజ్జు, చింతపండు, ఊరగాయ, నూనె వచ్చినవి అయితే పర్లేదు. కెమికల్ అంటే వద్దు. అమ్మేవాడు తెలీదు అన్నాడంటే అది కూడా వద్దు అనే అర్థం. కడిగాం సార్ అంటాం మేం. కడిగినా డ్రమ్ము ప్లాస్టిక్ పీల్చుకున్న వాసన ఎండకి మళ్లీ బయటికొస్తుంది. మూత తీసి ఎండలో గంట పెట్టించి వాసన చూసి కొనండి.

చేపల మార్కెట్ దగ్గర ధర్మాకోల్ పెట్టెలు దొరుకుతాయి. ఐసు పెట్టి చేపలు తెచ్చినవి. పొద్దున్నే వెళితే ఊరికే ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

మిరప_మాస్టారు (గుంటూరు, లాం) – జూన్ 14, ఉదయం 6:30

పై మిత్రులు చెప్పినదానికి మా జిల్లా వైపు నుంచి ఒక హెచ్చరిక జోడిస్తాను. వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మిరప, పత్తి పండే ఊళ్లలో ఖాళీ పురుగుమందు డబ్బాలు గుట్టలుగా పడుంటాయి. లీటరు డబ్బాలు నారుకి, ఐదు లీటర్లవి ఆకుకూరలకి వాడుతున్న ఇళ్లు నేను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఖాళీ డబ్బాలను తిరిగి వాడే వీలు లేకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలని ఉంది. ఎన్నిసార్లు కడిగినా ఇంటి వాడకానికి పనికిరావు. యూరియా సంచుల్ని కూడా కూరగాయలకు నేను సూచించను.

ధర్మాకోల్ పెట్టెల గురించి పటమటవారు ఏమంటారో చూడాలని ఉంది. మీరు చెప్పిన త్రికోణంలో దాని అంకె 6.

మిద్దెతోట_పటమట – జూన్ 14, ఉదయం 9:10

మాస్టారూ, దొరకబుచ్చుకున్నారు! అవును, 6. నేను వాడతాను, ఎందుకంటే మన మే నెల. పెట్టె గోడలు వేడిని లోపలికి రానివ్వవు. డాబా మీద 45 డిగ్రీల ఎండలో నల్ల బకెట్‌ మట్టిలో వేలు పెడితే చురుక్కుమంటుంది, ధర్మాకోల్ పెట్టెలో మట్టి చల్లగా ఉంటుంది. తోటకూర, పాలకూర అందులో ఎండాకాలం కూడా తలవాల్చలేదు.

మిరప_మాస్టారు – జూన్ 14, ఉదయం 9:45

చల్లదనం విషయంలో మీతో ఏకీభవిస్తాను. నా అభ్యంతరం వేరే. ఎండకి దాని పైపొర పసుపెక్కి, గోకితే పూసలుగా రాలుతుంది. ఆ పూసలు వానకి కొట్టుకుపోయి కాలవల్లో చేరతాయి. మీకు బందరు కాలవ పక్కనే ఉంది.

మిద్దెతోట_పటమట – జూన్ 14, ఉదయం 10:05

దానికి బయట రెండు పూతలు సున్నం కొడతాను. సున్నమే కొట్టాలి, ఎనామెల్ రంగు వేస్తే అందులో ఉండే థిన్నర్‌కి పెట్టె కరిగి గుంటలు పడుతుంది. లోపల బియ్యం సంచి పరిచి అందులో మట్టి పోస్తాను. రాలడం మొదలైతే పారేస్తాను. మీరు వద్దంటే వద్దనే అనుకోండి, నేను మానను.

ఆఫీసు_అల్లం (తాడేపల్లి, ఫ్లాటు) – జూన్ 14, ఉదయం 11:20

ఈ చర్చ చదవడానికి సెలవు పెట్టొచ్చు. మాకు డాబా లేదు, ఆరడుగుల బాల్కనీ. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నడిమికి కోసి, మూత ఉన్న పైముక్కని తలకిందులుగా కిందిముక్కలో దించి, మూతకి చిల్లు పెట్టి పాత బనీను పేలిక ఒత్తిలా వేలాడదీశా. కింద నీళ్లు, పైన మట్టి, మట్టిలో బజారు పుదీనా కాడలు. ఊరెళ్లొచ్చినా పచ్చగానే ఉంది.

స్లాబ్_సార్ – జూన్ 14, మధ్యాహ్నం 12:00

కింద నీళ్లు ఎన్నాళ్లకి మారుస్తారు? డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులే పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ వచ్చి చెప్పేది దీనికే.

ఆఫీసు_అల్లం – జూన్ 14, మధ్యాహ్నం 12:10

రెండు ముక్కల మధ్య సందు లేకుండా చుట్టూ టేపు వేశా సార్, దోమ దూరదు. అయినా శుక్రవారం శుక్రవారం పారబోస్తాలెండి. కుండీల కింద పళ్లాలు పెట్టుకునేవాళ్లు కూడా వినండి.

కొత్తమొక్క – జూన్ 15, రాత్రి 8:30

బకెట్లకి చిల్లులు ఎలా పెట్టాలి? అడుగున కంకర ఎంత మందాన పోయాలి? నర్సరీలో అడిగితే మూడంగుళాలు అన్నారు.

గోంగూర_బామ్మ – జూన్ 16, ఉదయం 5:40

పొయ్యి మీద ఊచ కాల్చి పొడువు. కంకర పోస్తే నీళ్లు గబగబా దిగుతాయి.

మిరప_మాస్టారు – జూన్ 16, ఉదయం 7:00

అమ్మా, రెండో మాట దగ్గర మీతో విభేదిస్తున్నాను, క్షమించాలి. కంకర పోస్తే నీరు తొందరగా దిగుతుందని అందరూ అనుకుంటాం. సన్నటి మట్టిలో పట్టి ఉన్న నీరు పెద్ద సందులున్న కంకరలోకి ఒక పట్టాన దిగదు. కంకరకి ఆనుకున్న మట్టి పూర్తిగా నానిపోయాకే చుక్క కిందకి పడుతుంది. అంటే బకెట్ అడుగున ఉండాల్సిన బురద పొర కంకర మీదికి, వేళ్ల దగ్గరికి జరిగిందన్నమాట. పైగా అడుగు లోతు బకెట్‌లో మూడంగుళాలు రాళ్లకే పోతే వంగ వేరుకి మిగిలేది తొమ్మిదంగుళాలు. బరువూ పెరుగుతుంది, ఓనరు గారూ ఊరుకోరు.

గోంగూర_బామ్మ – జూన్ 16, ఉదయం 7:25

మరి మా అమ్మ పెంకు ముక్క వేసేది గదయ్యా?

మిరప_మాస్టారు – జూన్ 16, ఉదయం 7:40

చిల్లు మీద ఒక పెంకు బోర్లించడం మంచిదేనమ్మా. మట్టి జారిపోకుండా ఆపుతుంది, నీళ్లకి దారి ఉంటుంది. పెంకు లేకపోతే పాత దోమతెర ముక్క చాలు. నేను కాదనేది కంకర పొరని.

గోంగూర_బామ్మ – జూన్ 16, ఉదయం 7:45

అట్టా చెప్పు మరి.

మిద్దెతోట_పటమట – జూన్ 16, ఉదయం 8:30

చిల్లుల సంగతి: ఊచ కాల్చేటట్టయితే ఆరుబయట, గాలికి ఎదురు నిలబడకుండా చేయండి, ఆ పొగ మంచిది కాదు. డ్రిల్లు దొరికితే హాయి. అడుగున పెన్సిల్ మందం చిల్లులు ఐదారు, పక్క గోడకి అడుగు నుంచి అంగుళం పైన ఇంకో మూడు. అడుగువి ఇటుక కింద మూసుకుపోయినా పక్కవి కాపాడతాయి.

నూనె డబ్బాలకి వేరే తంతు. రేకు కోసిన అంచు చేతిని కోస్తుంది, సుత్తితో లోపలికి మడిచి కొట్టండి. లోపల బియ్యం సంచి తొడిగితే తుప్పు మట్టిలో కలవదు. ఇవి ఆకుకూరలకే. మీ కూలర్ టబ్బు వెడల్పుగా ఉంటుంది, అదీ తోటకూరకే. బకెట్లలో వంగ, మిరప, బెండ ఒక్కో మొక్క. డ్రమ్ములో బీర గానీ చిక్కుడు గానీ. టమాటా ఇప్పుడు వద్దు. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూతంతా రాలిపోతుంది. ఆగస్టు చివర నారు పోసి దసరా ముందు నాటండి. నారుకి ఖాళీ పాల ప్యాకెట్లు మించినవి లేవు. బెండ మాత్రం నారు పోయకుండా నేరుగా గింజ నాటాలి, దాని తల్లివేరు కదిలితే కోలుకోదు.

నిర్వాహకుడు – జూన్ 16, మధ్యాహ్నం 2:00

విత్తనాలు అమ్ముతామంటూ ఫోన్ నంబర్లు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. విత్తన మార్పిడి కోసం వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి.

సింగ్‌నగర్_చిక్కుడు (విజయవాడ) – జూన్ 22, రాత్రి 10:50

ఆలస్యంగా చూశా. నేలమీద పెట్టుకునేవాళ్లకి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు వాకిట్లో డబ్బాలన్నీ తేలి ఎవరింటివో ఎవరింటికో చేరాయి. నీళ్లు తీశాక మిగిలినవాటిలో ఒండ్రు ఉంది కదా, బలమేగా అని ఒకళ్లిద్దరు అందులోనే విత్తనాలేశారు. అది పొలాల మీదికి వచ్చే ఒండ్రు కాదు, ఊళ్లోని మురుగంతా కలిసిన బురద. ఆ మట్టి మేం పారబోసి, డబ్బాలు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి డాబా మీద.

ఒక సందేహం. ఏప్రిల్‌లో డ్రమ్ములో వేసిన పందిరి చిక్కుడు తాడు పట్టుకుని పైకి పాకేసింది. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, పువ్వు ఒక్కటీ లేదు. పీకేయమంటారా?

మిరప_మాస్టారు – జూన్ 23, ఉదయం 6:15

పీకవద్దు. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. దసరా దాటాక చూడండి, సంక్రాంతికి కాయ కోస్తారు. అప్పటిదాకా ఎరువు వేయకండి, ఉన్న ఆకే ఎక్కువ. ఏ కాలంలోనైనా కాయ కావాలంటే పొద్దుతో నిమిత్తం లేని పొట్టి రకాలు ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. వాటికి పందిరి కూడా అక్కర్లేదు, మీ పెయింట్ బకెట్ చాలు.

కొత్తమొక్క – ఆగస్టు 9, సాయంత్రం 5:15

గోంగూర రెండుసార్లు కోశాం, పచ్చడి కూడా అయింది! బెండ కాస్తోంది. ఓనరు గారు పైకొచ్చి ఇటుకల కింద చెయ్యి పెట్టి తడుముకుని, ఏమీ అనకుండా వెళ్లారు. మిరపకి మాత్రం ఏదో తెగులు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. నర్సరీ అబ్బాయి వైరస్ అన్నాడు, పీకేయమన్నాడు.

మిరప_మాస్టారు – ఆగస్టు 9, రాత్రి 7:30

పీకే ముందు ఒకటి చెప్పండి. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకున్నాయా, కిందకి వాలి ముడుచుకున్నాయా?

కొత్తమొక్క – ఆగస్టు 9, రాత్రి 8:10

ఫోన్ లైటు వేసి చూశా. చిగురాకులు కిందకి తిరిగాయి, కాడ పొడుగ్గా సాగింది. ఆకు చిన్నగా, ఎలుక తోకలా.

మిరప_మాస్టారు – ఆగస్టు 9, రాత్రి 8:25

అది కింది ముడత. నల్లి పని, కంటికి కనపడనంత చిన్నది. అంచులు పైకి లేస్తే పై ముడత, అది తామర పురుగు. 2021లో మా మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలలో దూరి ఉంటుంది. పువ్వుని తెల్లకాగితం మీద దులిపితే బయటపడుతుంది. రెండింటికీ మందు ఒకటి కాదు. అందుకే ముందు ముడత చూడమంటాం.

మీది కొద్ది మొక్కలే కదా. ముడిచిన చిగుళ్లు తుంచి కవర్లో కట్టి పారేయండి. రోజూ ఉదయం ఆకు అడుగున తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే నీళ్లలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు, చల్లటి పూట, ఆకు అడుగు తడిసేలా. ఈ మధ్య వేపనూనె కొట్టి ఉంటే మాత్రం రెండు వారాలు ఆగాలి, నూనె మీద గంధకం పడితే ఆకు మాడుతుంది. వైరస్ అయితే చాలావరకు ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగాపులగంగా ఉంటాయి. మీది అది కాదు.

గోంగూర_బామ్మ – ఆగస్టు 10, ఉదయం 5:55

పుల్లమజ్జిగ కొట్టు. మాస్టారు ఒప్పుకోడు గానీ మా ఇంట్లో పనిచేసింది.

మిరప_మాస్టారు – ఆగస్టు 10, ఉదయం 6:20

ఒప్పుకోనని ఎవరన్నారమ్మా. గంధకం కొట్టిన తర్వాత కూడా తగ్గకపోతే మీ మజ్జిగే.

ఆఫీసు_అల్లం – ఆగస్టు 10, ఉదయం 9:30

నీళ్ల గురించి అడగాలి. మా ఫ్లాటులో మంచినీళ్ల మెషిన్ నుంచి వృథాగా బకెట్లు బకెట్లు పోతున్నాయి. మొక్కలకి పోయొచ్చా? ఏసీ నీళ్లు?

మిద్దెతోట_పటమట – ఆగస్టు 10, సాయంత్రం 6:00

ఏసీ నీళ్లు నిక్షేపంగా పోయండి, అందులో ఉప్పు ఉండదు. మెషిన్ వదిలేసే నీళ్లు దానికి పూర్తిగా తిరగేసి, ఉన్న ఉప్పంతా అందులోనే చేరుతుంది. నేలకైతే ఇంకిపోతుంది, డబ్బాలో అక్కడే పేరుకుంటుంది. మట్టి మీద తెల్లగా పొర, ఆకు కొసలు కాలినట్టు కనిపిస్తే అదే. మున్సిపల్ నీళ్లు ఎక్కువ కలిపి ఎప్పుడైనా పోస్తే పర్లేదు, రోజూ వద్దు. ఆ నీళ్లతో బాల్కనీ కడగండి. బోరు ఉప్పగా ఉన్న ఇళ్లకి కూడా ఇదే. వానాకాలంలో మంచి వాన రెండు పడితే డబ్బాలో ఉప్పంతా కడుక్కుపోతుంది, అందుకే వాన పడుతుంటే డబ్బాలు చూరు కిందకి లాగొద్దు.

కొత్తమొక్క – డిసెంబరు 3, రాత్రి 9:10

మిరప బతికింది, కాస్తోంది కూడా. ఇప్పుడు టమాటా బాధ. కాయ పెరుగుతుంది, పండేలోపు అడుగున రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, తోలులా గట్టిగా. మచ్చ మేరకు కోసేసి వండుతున్నా. పెయింట్ బకెట్ల వల్లే అని అత్తయ్యగారు గెలిచినట్టు చూస్తున్నారు.

మిద్దెతోట_పటమట – డిసెంబరు 3, రాత్రి 9:35

బకెట్ నేరం కాదని ఆవిడకి చెప్పండి. అది రోగం కూడా కాదు, కాయకి సున్నపు ధాతువు అందకపోవడం. మట్టిలో ఉన్నా వేరు దాన్ని నీళ్లతోనే పైకి తీసుకెళ్లాలి. ఒకరోజు బాగా ఎండి, మర్నాడు బకెట్ నిండా పోస్తే కాయ కొసకి అందదు. చిన్న డబ్బాల్లో ఇది ఎక్కువ. ఆదివారం ఊరెళ్లి వస్తుంటారా?

కొత్తమొక్క – డిసెంబరు 3, రాత్రి 9:50

కార్తీకమాసం వనభోజనాలు, పెళ్లిళ్లు... అవును అండీ, ఎండబెట్టి మళ్లీ పోయడమే జరిగింది. ఎరువు కూడా వేశా, వేరుశనగ చెక్క నానబెట్టి.

మిద్దెతోట_పటమట – డిసెంబరు 3, రాత్రి 10:05

చెక్క నెల దాకా ఆపండి, ఆకు పెరిగినకొద్దీ కాయకి తగ్గుతుంది. మట్టి మీద రెండంగుళాల ఎండుటాకులు పరిచి, రోజూ పొద్దున ఒకే వేళకి పోయండి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే తడి తగలాలి. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేసుకోవచ్చు గానీ అది కరిగేసరికి ఈ కాపు అయిపోతుంది, వచ్చే కాపుకి పనికొస్తుంది. కొత్తగా వచ్చే పిందెలు బాగుంటాయి.

సింగ్‌నగర్_చిక్కుడు – డిసెంబరు 14, ఉదయం 7:20

మాస్టారూ, పూసింది! తాడంతా ఊదా గుత్తులు. పేనుబంక కూడా వచ్చింది, చీమలు దారి కట్టాయి.

మిరప_మాస్టారు – డిసెంబరు 14, ఉదయం 7:45

గుత్తి కొసల్ని నీళ్లతో కడగండి. చీమల్ని ఆపితే పేనుబంక సగం తగ్గుతుంది, వాటిని మోసుకొచ్చి కాసేది అవే. తాడు మొదట్లో ఆముదం పూసిన గుడ్డ చుట్టండి. అక్షింతల పురుగులు కనిపిస్తే చంపకండి, అవి వీటిని తింటాయి.

డబ్బాల_షాపు – డిసెంబరు 14, రాత్రి 9:15

వాషింగ్ మెషిన్ల స్టీలు డ్రమ్ములు రెండు వచ్చాయి. చుట్టూ చిల్లులు కంపెనీవాళ్లే పెట్టారు, తుప్పు పట్టదు. ఇక్కడివాళ్లకి పాత ఇనుము రేటుకే.

కొత్తమొక్క – డిసెంబరు 14, రాత్రి 9:18

ఒకటి నాకు. పంతం ఏంటంటే కుండీలు కొననని, డ్రమ్ము కొననని కాదు కదా.

స్లాబ్_సార్ – డిసెంబరు 14, రాత్రి 9:30

పిల్లర్ ఉన్న మూల ఇంకా ఖాళీ ఉందా?